రాయి మీద నోటీసు: మా పాత సత్రం కమిటీ పెద్దలకు బహిరంగ లేఖ

పాత సత్రం ధర్మకర్తల కమిటీ పెద్దలకు నమస్కారాలు.

మీలో చాలామందికి నేను తెలుసు. నెల్లూరులో ముప్పై ఆరేళ్లు దస్తావేజులు రాసి బతికినవాణ్ణి. మీలో కనీసం ముగ్గురి ఇళ్ల కాగితాలు నా చేతిరాతవే. ఒకాయన తన స్థలం నూట పది అంకణాలని చెప్తే, టేపు పట్టించి నూట నాలుగే అని తేల్చింది కూడా నేనే. ఆయన ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడడు. కాబట్టి ఈ లేఖలో ఎక్కడైనా హద్దుల పిచ్చి, కొలతల పిచ్చి కనిపిస్తే పాత రోగం అనుకుని వదిలేయండి.

పోయిన నెల మీరు సత్రానికి అంటించిన నోటీసు చదివాను. భవనం శిథిలావస్థకు చేరినందున పడగొట్టి, కింద షాపులు, పైన ఏసీ కల్యాణ మండపం కట్టాలని కమిటీ తీర్మానించిందట. అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా తెలపాలట. నా అభ్యంతరం ఇదే, రాతపూర్వకంగానే ఉంది. ఒక కాపీ మీ సెక్రటరీ గారింట్లో ఇచ్చి రసీదు అడిగితే, "మనలో మనకి రసీదులేందండీ" అని నవ్వారు. మనలో మనకే కాబట్టి అందరూ చదివేలా ఇక్కడ కూడా పెడుతున్నాను.

ముందుగా ఒక చిన్న మాట. ఆ నోటీసును ఎక్కడ అంటించారో చూసుకున్నారా? తలుపుకు ఎడమ పక్క గోడలో, నిలువెత్తు కంటే కాస్త తక్కువలో, ఒక నల్లరాయి పొదిగి ఉంటుంది. సరిగ్గా దాని మీద మైదా జిగురు రాసి అతికించారు. అంటించిన కుర్రాడి తప్పు కాదు. ఆ రాయి మీద ఏటా సంక్రాంతికి సున్నం కొట్టీ కొట్టీ, ఆ తర్వాత డిస్టెంపరు, ఆ పైన పచ్చ ఎనామిల్ వేసీ వేసీ, అది రాయో గోడో తెలియకుండా పోయింది. నేను చిన్నప్పుడు వేలు పెట్టి అక్షరాల గాడి వెంట తిప్పేవాణ్ణి. ఇరవై ఏళ్ల కిందట ఒకసారి తడిగుడ్డతో నానబెట్టి, కొబ్బరి పీచుతో రుద్ది, నాలుగు పంక్తులు చదివాను. "బాటసారులకు" అన్న మాట ఉంది. "అన్నము, నీరు, నీడ" అని ఉంది. "ఆచంద్రార్కము", అంటే సూర్యచంద్రులున్నంత కాలం, అని ఉంది. దాని కింద పాత దాన శాసనాలన్నిటి చివరా ఉండే శాపం ఉంది: తానిచ్చిందైనా, పరులిచ్చిందైనా, దానమిచ్చిన భూమిని హరించినవాడు అరవై వేల ఏళ్లు అశుద్ధంలో పురుగై పుడతాడని. వందల దస్తావేజులు రాశాను, స్టాంపు కాగితం మీద ఇంత గట్టి షరతు ఒక్కసారి కూడా రాయలేకపోయాను.

మీకు శాపాలు గుర్తుచేయడం నా ఉద్దేశం కాదు. ఆ రాయి ఒక దస్తావేజు అంటున్నానంతే. దస్తావేజు మీద దస్తావేజు అంటించకూడదు.

ఇంక సత్రం సంగతికొస్తాను. మీ కరపత్రంలో "మహనీయులెందరో బస చేసిన చారిత్రక సత్రం" అని వేశారు. ఆ మహనీయుల్లో ఒక్క పేరూ లేదు. నిజానికి ఆ సత్రానికి మహనీయులతో పని లేదు. అది ఎందుకు కట్టారో తెలియాలంటే పెద్దల జాబితా అక్కర్లేదు, మన పెన్న ఏటిని చూస్తే చాలు.

రంగనాయకులపేట వైపు నుంచి ఏటికి దిగే పాత బాట అది. ఇప్పుడు అందులో రెండు ఆటోలు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాల్సిందే. కానీ ఒకప్పుడు మద్రాసు నుంచి కలకత్తా దాకా పోయే ఉత్తరపు దారి మన ఊళ్లోంచే పోయేది. మనం ఈ రోజుకీ ట్రంకు రోడ్డు అంటున్నామంటే అక్కడ ట్రంకు పెట్టెలు అమ్ముతారని కాదు. ఊరి బయట బైపాస్ పడింది, హైవే నంబరు 5 పోయి 16 వచ్చింది, పాత పేరు మాత్రం ఊళ్లోనే ఉండిపోయింది.

మద్రాసు మనకు దాదాపు 175 కిలోమీటర్లు. ఇప్పుడు కారులో మూడు, మూడున్నర గంటలు. ఎద్దుల బండి రోజంతా నడిస్తే పది పన్నెండు మైళ్లు. అంటే పది రోజుల దారి, పది మజిలీలు. ప్రతి మజిలీలోనూ ఎద్దుకు నీళ్లు, మనిషికి పొయ్యి, ఇద్దరికీ నీడ కావాలి. అందుకే ఈ దారి పొడుగునా సత్రాలు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే ఒకరి మాట ఇంకొకరి భాషలో చెప్పేవాడిగా, పని చేసిన ఏనుగుల వీరాస్వామి గారు 1830 మేలో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరుకు ఇల్లు చేరారు. వచ్చేటప్పుడు ఆయన పట్టింది ఈ కోస్తా దారినే. ఆయన మన సత్రంలో దిగారని నేను అనడం లేదు, మీరూ దయచేసి బోర్డు మీద రాయొద్దు. పదిహేను నెలల ప్రయాణం పెట్టుకున్నవాళ్లకు రాత్రికో కప్పు ఎంత అవసరమో చెప్పడానికి ఆ మాట ఎత్తాను.

అయితే మిగతా ఊళ్ల సత్రాలకూ మన దానికీ ఒక తేడా ఉంది. వేరే చోట సత్రం రాత్రి పడుకోవడానికి. మన దగ్గర ఏరు తగ్గేదాకా కూర్చోవడానికి.

వేసవిలో పెన్న అంటే ఇసుక. బండ్లు మోకాలి లోతు నీళ్లలో దిగి అవతల కోవూరు వైపు ఎక్కేవి. అదే ఆశ్వయుజం, కార్తీకం వచ్చి వాయుగుండం పట్టిందంటే లెక్క మారిపోయేది. మన ఊళ్లో చుక్క పడకపోయినా కడపలోనో అనంతపురంలోనో కురిసిన వాన రెండు రోజులకు మన ముందుకొచ్చి నిలబడేది. పడవ వేయమంటే పడవవాళ్లు దణ్ణం పెట్టేవాళ్లు. కాశీ నుంచి రామేశ్వరం పోయేవాళ్లు, తిరుపతి మొక్కువాళ్లు, ఉప్పు బండ్లు, పెళ్లివాళ్లు, అందరూ ఒక ఒడ్డునో ఇంకో ఒడ్డునో ఇరుక్కుపోయేవాళ్లు. రెండు రోజులు, నాలుగు రోజులు, ఒక్కోసారి వారం. మా అవ్వ చెప్పేది: "ఏరొస్తే సత్రంలో పెద్ద గంగాళం పొయ్యి మీద నించి దిగేది కాదబ్బయా, ఏ కులపోళ్లు ఎంత మందుండారో వంటాయనకే లెక్క తెలిసేది కాదు." ఆ కులం మాట గుర్తుపెట్టుకోండి, దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

ఆ గంగాళం ఇప్పుడు మీ స్టోర్ రూములో బోర్లించి ఉంది. దాని మీద పాత ఫ్లెక్సీలు పేర్చారు. పోయినేడు తలుపు తెరిచి ఉన్నప్పుడు చూశాను.

సర్కారు వారికి ఈ సత్రాలు ఎప్పుడూ తలనొప్పే. 1817లో కంపెనీ వాళ్లు మద్రాసులో ఏడో రెగ్యులేషన్ అని ఒకటి తెచ్చారు. గుళ్లు, మసీదులకిచ్చిన మాన్యాలతోపాటు వంతెనలు, సత్రాల బాగోగులు కూడా బోర్డ్ ఆఫ్ రెవిన్యూ చూడాలన్నది దాని సారాంశం. ఎందుకు తెచ్చారో అందులోనే చెప్పుకున్నారు: దాతలు ధర్మానికిచ్చిన ఆస్తుల రాబడిని, దాతల ఉద్దేశానికి విరుద్ధంగా, వాటిని చూసుకోమని పెట్టినవాళ్లే సొంతానికి వాడుకుంటున్నారని. రెండు వందల ఏళ్ల కిందటి మాట లెండి, ఇప్పుడు ఎవరు చేస్తారు!

తర్వాత 1860ల్లో ఇనాం కమిషన్ వాళ్లు ఊరూరా మాన్యాలన్నీ తిరగేసి, ఎవరిది దేనికిచ్చారో రిజిస్టర్లలో రాసి, టైటిల్ డీడ్లు ఇచ్చారు. ధర్మానికిచ్చిన ఇనాముల మీద వాళ్లు పెట్టిన షరతు సూటిగా ఉండేది: ధర్మం నడిచినంత కాలమే ఇనాం. 1871లో లోకల్ ఫండ్ చట్టం, 1884లో లోకల్ బోర్డుల చట్టం వచ్చాయి. రోడ్డు పక్క సత్రాలు చాలా వరకు ఆ బోర్డుల లెక్కల్లోకి పోయాయి. 1899లో మద్రాసు నుంచి బెజవాడకు రైలు కలిసింది. పది రోజుల దారి ఒక రాత్రికి తగ్గాక ఏటి ఒడ్డున ఆగే అవసరం ఎవరికుంటుంది? జనం స్టేషను దగ్గర దిగడం మొదలెట్టారు. సత్రానికి గిరాకీ తగ్గింది. మా అవ్వ కాలానికి వెనక వసారాలో పూటకూళ్లు నడిచాయి. కోర్టు పనికొచ్చేవాళ్లు డబ్బులిచ్చి భోంచేసేవాళ్లు. ధర్మం కాస్తా వ్యాపారం అయింది ఆరోజే అనొచ్చు మీరు. అనండి. కానీ ముందు అరుగు మీద పడుకునేవాడిని అప్పుడు కూడా ఎవరూ లేపలేదు.

ఆ అరుగు నాకు బాగా తెలుసు. మా ఇంట్లో అప్పట్లో కరెంటు లేదు. పదో తరగతి మొత్తం వీధి దీపం కింద ఆ అరుగు మీదే చదివాను. గానుగ సున్నంతో చేసిన నున్నటి గచ్చు, మే నెలలో కూడా వీపు పెడితే చల్లగా ఉండేది. ఒకవైపు చివర కాస్త ఎత్తు చేసి తలగడలాగా దిద్దారు. కట్టినవాడు ఎప్పుడో ఒకసారి బయట పడుకుని నిద్ర పట్టక అవస్థపడిన మనిషై ఉంటాడు, లేకపోతే ఆ ఆలోచన రాదు. మెట్ల పక్కన ఛాతీ ఎత్తున రెండు రాళ్లు నిలిపి, పైన ఒక రాయి అడ్డంగా పరిచి ఉండేది. తలమీద మూట ఉన్నవాడు ఇంకొకళ్లని చేయి వేయమని అడక్కుండా దానిమీదకు బరువు దించుకుని, మళ్లీ తనంతట తనే ఎత్తుకుని పోవచ్చు. మునిసిపాలిటీ కాలవ తవ్వినప్పుడు అది పడిపోయింది. రెండు రాళ్లలో ఒకటి ఇప్పుడు ఎదురుగా ఇస్త్రీ బండికి కాలుగా ఉంది.

రొట్టెల పండగప్పుడు ఆ అరుగు చూడాలి. మొహర్రం నెలలో స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాకు తమిళనాడు నుంచి, కర్ణాటక నుంచి జనం వస్తారు కదా, దర్గామిట్టలో చోటు చాలక కొందరు ఇంత దూరం నడిచొచ్చి మా వీధిలో పడుకునేవాళ్లు. పొద్దున్నే వాళ్ల పిల్లలు మా పంపు దగ్గర మొహాలు కడుక్కునేవాళ్లు. రంగనాయకుల స్వామి ఉత్సవాలప్పుడు పల్లెల నుంచి బండ్లు. మధ్యలో లారీ డ్రైవర్లు. ఒకసారి ఒక సర్దార్జీ బావి దగ్గర తలస్నానం చేసి, తలపాగా గుడ్డ ఒక కొస మా కిటికీ చువ్వకూ ఇంకో కొస సత్రం స్తంభానికీ కట్టి ఆరేశాడు. వీధికి అడ్డంగా నీలం గుడ్డ. మా అవ్వ దాని కిందనుంచి వంగి వెళ్తూ, "ఇంత బారు చీర నాకు ఒక్కటీ లేదు గదరా" అంది.

ఇంతవరకు చెప్పినవి తీపి జ్ఞాపకాలు. ఇవి మాత్రమే చెప్పి ఆపేస్తే నేనూ మీ కరపత్రం లాంటిదే రాసినవాణ్ణవుతాను.

మీ నోటీసు వచ్చాక వీధిలో సంతకాలు సేకరిద్దామని నా చిన్ననాటి స్నేహితుడి దగ్గరికి మొదట వెళ్లాను. హెడ్మాస్టరుగా రిటైరైనాయన. కాగితం పూర్తిగా చదివి, కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి అడిగాడు: "మా నాయన ఆ అరుగు ఎక్కినాడా?"

వాళ్ల నాయన ఆ సత్రం ముందు బండ్ల మీద మూటలెక్కించిన కూలి. నలభై ఏళ్లు. బస్తాలు సత్రం మెట్ల దాకా మోసుకొచ్చి, కింద వేపచెట్టు దగ్గర నిలబడేవాడు. దాహమైతే వంటాయన మనిషి పైనుంచి చెంబుతో పోసేవాడు, ఈయన దోసిలి పట్టేవాడు. చెంబు దోసిలికి తగలకూడదు. బరువు దించుకునే రాయి మాత్రం వాడుకోవచ్చు. బరువు అందరిదీ కదా.

"నువ్వు చదువుకోడానికి పిలిస్తే పదో తరగతిలో నేను ఎక్కా," అన్నాడు. "వంటాయన చూసి ఏమీ అన్లా. పొద్దున్నే అరుగు కడిగించినాడు. నీకు గుర్తుందా?"

నాకు గుర్తు లేదు. అరుగు చల్లగా ఉండేదని మాత్రం గుర్తుంది. యాభై ఏళ్లు ఆ చల్లదనం గురించి నలుగురికీ చెప్పుకుంటూ తిరిగాను, పక్కనే కూర్చున్నవాడికి ఏం జరిగిందో నాకు పట్టలేదు.

అప్పటికి చట్టం లేక కాదు. 1955 అస్పృశ్యత నేరాల చట్టంలో ధర్మశాల, సరాయి, ముసాఫిర్‌ఖానా అని పేర్లు పెట్టి మరీ రాశారు, వీటిలో అంటరానితనం పాటిస్తే శిక్ష అని. మా పదో తరగతి ఆ తర్వాతి మాటే. రాయి మీద "బాటసారులకు" అని ఉంది, ఫలానా కులపు బాటసారులకని లేదు. అంటే దాత రాసినదాన్ని కూడా సత్రం పూర్తిగా పాటించలేదు. మా అవ్వ "ఏ కులపోళ్లు ఎంత మందుండారో" అన్నప్పుడు ఎవరు లోపల, ఎవరు వసారాలో, ఎవరు చెట్టు కింద అన్నది ఆవిడకు అడగాల్సిన ప్రశ్నగా తోచలేదు. నాకూ తోచలేదు.

మా స్నేహితుడు ఇంకా సంతకం పెట్టలేదు. "సత్రం చరిత్ర అని బోర్డు పెడితే అందులో వేపచెట్టు కూడా ఉండాల. అప్పుడు చూద్దాం," అన్నాడు. ఆయన పెట్టినా పెట్టకపోయినా ఆ షరతు న్యాయమైంది. నా అభ్యంతరంలో దాన్నీ కలుపుకోండి.

ఇప్పుడు 2021 నవంబరు సంగతి. సోమశిల డ్యాం నుంచి వదిలిన నీళ్లతో పెన్న ఊరి మీదకొచ్చిన రోజులు మీకు వేరే చెప్పక్కర్లేదు. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల మీదికి నీళ్లొచ్చాయి. హైవే తెగింది. నెల్లూరుకు అవతల విజయవాడ వైపు పోవాల్సిన బస్సులు, లారీలు, కార్లు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. వంతెనలున్నాయి, నాలుగు వరసల రోడ్డుంది, ఫోనులో దారి చూపించే మ్యాపుంది. అయినా జనం మళ్లీ ఏటి ఒడ్డున ఇరుక్కుపోయారు, అచ్చం బండ్ల కాలంలో లాగా. బస్టాండులో కాలు పెట్టడానికి చోటు లేదు. లాడ్జీల్లో రేట్లు ఆకాశంలో ఉన్నాయి.

రాత్రి ఎనిమిది దాటాక మా వీధిలోకి ఒక కుటుంబం వచ్చింది. చెన్నైలో ఆపరేషను చేయించుకుని గుంటూరు పోతున్న పెద్దావిడ, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు. సత్రం అని బోర్డు చూసి ఆశగా వచ్చారు. తలుపుకు తాళం. నేను తాళం చెవి ఉన్నాయన దగ్గరికి వెళ్లాను. "కమిటీ చెప్పకుండా తీయకూడదు, ఒకాయనకు ఫోన్ చేయండి," అన్నాడు. చేశాను. స్విచాఫ్. ఇంకొకాయనకు చేశాను. "లోపల పెళ్లివాళ్ల సామాను ఉంది, ఏదైనా పోతే ఎవరిది బాధ్యత?" అన్నారు. ఆ మాట అబద్ధం కాదు, పెళ్లివాళ్ల కుర్చీలు నిజంగానే ఉన్నాయి. కానీ సత్రంలో కుర్చీలు పడుకున్నాయి, బాటసారి బయట నిలబడ్డాడు.

పెద్దావిడ వాదించలేదు. అరుగు మీద చేత్తో ఒకసారి తడిమింది, కొంగుతో దుమ్ము తుడిచింది, ఆ తలగడ ఎత్తు ఎక్కడుందో ఎవరూ చెప్పకుండానే వెతుక్కుని తల పెట్టుకుంది. "చలికాలమైనా బాగానే ఉంది బాబూ, ఒక దుప్పటి ఉంటే ఇయ్యండి," అంది. మా ఇంటి నుంచి దుప్పట్లు, ఎదురింటి నుంచి ఉప్మా, ఇస్త్రీ బండి అతను ఒక టార్పాలిన్. పిల్లల్ని మా ఇంట్లో పడుకోబెట్టాం. ఆవిడ రానంది, కట్టు ఉన్న కాలితో మా ఇంటి నిలువు మెట్లు ఎక్కలేనంది. రెండు రాత్రులు ఆ అరుగు మీదే ఉన్నారు. సత్రం తాళం వేసి ఉన్నా, తాళానికి బయట ఉన్న భాగం తన పని తను చేసింది.

ఇప్పుడు మీ ప్లాను చూడండి. సెక్రటరీ గారు నాకు చూపించారు, ఆ మంచితనానికి కృతజ్ఞతలు. మొత్తం స్థలం 118 అంకణాలు. బయటి ఊళ్ల వాళ్లు చదువుతుంటే వాళ్ల కోసం: నెల్లూరులో అంకణం అంటే 72 చదరపు అడుగులు. అందులో అరుగు ఉన్న ముందు భాగం ఎనిమిది అంకణాలు. ప్లానులో దాని మీద గీతలు గీసి "పార్కింగ్" అని రాశారు. రోడ్డు వెడల్పుకు, గాలికి, వెలుతురుకు ఖాళీ వదలాలి కాబట్టి వదిలారు. చట్టం అడిగింది కాబట్టి ఖాళీ, బాటసారి కోసం కాదు. బావి మీద స్లాబు వేసి జనరేటరు.

శిథిలం అన్న మాట గురించి కూడా ఒక్క ముక్క. మీరు పిలిస్తే వస్తాను, లేకపోతే మీరే డాబా మీదికెక్కి చూడండి. పాత మద్రాసు టెర్రస్ అది: టేకు దూలాలు, వాటి మీద నిలువుగా పేర్చిన చిన్న ఇటుకలు, పైన సున్నం. నైరుతి మూల దాని మీద రెండు వేల లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు పెట్టారు. ఆ ట్యాంకు పైపు కారి కారి, ఆ తడికి రావి మొక్క మొలిచి, వేరు ఇటుకల్లోకి దిగింది. వాన వస్తే ఆ మూల కారుతుంది. మిగతా మూడు మూలలు పొడిగా ఉన్నాయి. దీన్ని మనిషి భాషలో చెప్పాలంటే, ఒక పన్ను పుచ్చింది, దవడ తీసేద్దామంటున్నారు.

నేను ఇంజనీరును కాను. ఆ సంగతి తెలిసినవాళ్లు తేల్చాలి. నా సబ్జెక్టు కాగితాలు, దాని గురించి మాత్రం గట్టిగానే చెప్తాను. 1987 దేవాదాయ చట్టం 80వ సెక్షను ప్రకారం ధర్మ సంస్థ స్థిరాస్తిని అమ్మాలన్నా, మారకం చేయాలన్నా, తాకట్టు పెట్టాలన్నా ముందే కమిషనర్ అనుమతి కావాలి. అది లేని దస్తావేజు చెల్లదు. మీరు అమ్మడం లేదంటారు, నిజమే. కానీ షాపుల్లో సగం కట్టిచ్చే బిల్డరుకు పోతాయని వీధిలో అందరూ అనుకుంటున్నారు. ఆ అగ్రిమెంటులో ఏం రాశారో మాకు చూపించలేదు. అనుమతి తీసుకుని ఉంటే ఆ కాగితం సత్రం తలుపు మీద అంటించండి, రాయి మీద కాకుండా. కంప్యూటర్‌లో ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, తీస్తే 1983 నుంచే వస్తుంది, అంతకు ముందరిది పాత పుస్తకాల్లో చేత్తో వెతకాలి. ఆ పని నేను జీతం లేకుండా చేసిపెడతాను. ఇనాం రిజిస్టరు నకలు, టౌన్ సర్వే నకలు, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం. కమిటీకి దాచేదేమీ లేకపోతే ఒక పూట పని.

పాత చెక్కుబందీ, అంటే నాలుగు వైపుల హద్దుల వివరం, ఒకటి నా దగ్గర ఉంది. పక్క స్థలం దస్తావేజు అది, అందులో సత్రం హద్దుగా వచ్చింది. ఆ దస్తావేజు రాసిన మా గురువు గారు "పడమర: బాటసారుల సత్రం" అని రాశారు. ఫలానా కమిటీ స్థలం అని రాయలేదు, ఫలానా వంశస్థుల ఆస్తి అనీ రాయలేదు. హద్దు రాసేటప్పుడు అవతల ఎవరిదో వాళ్ల పేరే రాస్తాం. పక్క స్థలాన్ని మీరు ఎప్పుడైనా కొనాల్సి వచ్చి నా దగ్గరికొస్తే నేనూ అదే రాస్తాను.

ఇక్కడే మీకూ మాకూ పేచీ. మీకు కల్యాణ మండపం కావాలనిపించడంలో తప్పేం లేదు, మన పేటలో పెళ్లికి చోటు లేక లేఅవుట్ల దాకా పోతున్నారు. మీటింగు పెడితే పెళ్లి చేయాల్సినవాళ్లు వస్తారు, షాపు కావాల్సినవాళ్లు వస్తారు, బిల్డరు కుర్చీ వేసుకుని మరీ కూర్చుంటాడు. ఈ ఆస్తి ఎవరి కోసం రాశారో వాళ్లు మాత్రం రాలేరు. వాళ్లు ఇప్పుడు ఎక్కడో దారిలో ఉన్నారు. ఈ ఊళ్లో ఆగాల్సొస్తుందని వాళ్లకే తెలియదు.

అందుకని వాళ్ల తరఫున నేను అడుగుతున్నాను. ముందు భాగం, అంటే అరుగు, దాని వెనక వసారా, బావి, ఉన్నవి ఉన్నట్టు ఉంచండి. వెనక పూటకూళ్ల వసారా ఎలాగూ కూలిపోయింది, ఆ స్థలంలో మీ హాలు కట్టుకోండి, నేనే ముందు పెళ్లి బుక్ చేస్తాను, మనవరాలు ఉంది. వసారాలో ఒక గదికి రెండు మంచాలు, ఒక బాత్రూము. దాని తాళం చెవి ఒకటి కమిటీ దగ్గర, ఒకటి వీధిలో ఎవరింట్లోనైనా. రాత్రి పన్నెండింటికి తలుపు తడితే లేచే ఇంట్లో ఉండాలి. మా ఇల్లైనా సరే, హెడ్మాస్టరు గారిల్లైతే ఇంకా మంచిది. ఆయనకు ఇస్తానంటే ఏమంటాడో తెలియదు కానీ, ఆ చెవి ఆయన చేతిలో ఉండగా చూడాలని నాకుంది.

వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి నేను సత్రం దగ్గర ఉంటాను. బకెట్టు, కొబ్బరి పీచు, పెయింటు గీకే రేకు, భూతద్దం తెస్తాను. చెక్కుబందీ నకలు కూడా. నోటీసు చించను, అది కమిటీ కాగితం, దాన్ని తీసే హక్కు నాకు లేదు. మీలో ఒకరొచ్చి మీ చేత్తో తీస్తే, నాలుగు పంక్తులేనా, కింద ఇంకేమైనా ఉందా, కలిసి చదువుదాం. వచ్చేటప్పుడు తాళం చెవి తెచ్చుకోండి.

ఇట్లు,
మీ వీధివాడు, పాత దస్తావేజు లేఖరి
నెల్లూరు